నార్టన్ స్కేలుకు పేరిచ్చిన నర్సు

బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతూ వృద్ధుల వార్డులో పోస్టింగ్ చేస్తున్న మీరు మూడు సంగతులు అడిగారు. పరీక్షల కోసం బట్టీపట్టే, కదలలేనివారికి ఒత్తిడి వల్ల పడే మంచం పుండ్ల ముప్పును కొలిచే నార్టన్ స్కేలులోని ఆ నార్టన్ ఎవరు, డాక్టరా, నర్సా అన్నది మొదటిది. పక్షవాతం వచ్చిన ఒక పెద్దావిడకు మీరు వేసిన స్కోరు 12 వచ్చింది కాబట్టి ఇప్పుడు ఏం చేయాలన్నది రెండవది. ముసలివాళ్లను అటూ ఇటూ తిప్పడానికి నాలుగేళ్ల చదువెందుకని ఇంట్లోవాళ్లు అన్నారని, దానికి ఏం జవాబు చెప్పాలో తోచలేదని చివర రాశారు. ముప్పై ఏళ్లకు పైగా మొదట వార్డుల్లో, తరువాత తరగతి గదుల్లో పనిచేసినదాన్ని కనుక మూడింటికీ కలిపి ఒకే జవాబు రాస్తున్నాను, ఎందుకంటే మొదటి ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగిలిన రెండింటికీ దారి దొరుకుతుంది.

ఆమె నర్సు. పేరు డోరీన్ నార్టన్. 1922లో పుట్టి 2007లో కన్నుమూసిన ఇంగ్లండు దేశస్థురాలు. మా రోజుల్లో పుస్తకంలో ఇంటిపేరు ఒక్కటే ఉండేది కాబట్టి, నార్టన్ అంటే ఎవరో పెద్ద సర్జను, మగమనిషి అనుకొనేవాళ్లం. మాకు పాఠం చెప్పినవారు కూడా దాన్ని సరిదిద్దలేదు. ఒక నర్సు చేసిన పనిని నర్సులమే మరొకరి ఖాతాలో వేసి దశాబ్దాలపాటు చదువుకున్నామన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే నా దగ్గర చదివిన ప్రతి బ్యాచికీ స్కేలు బోర్డు మీద రాసే ముందు ఆమె పూర్తి పేరు రాసేదాన్ని.

ఆమె వృత్తిలోకి వచ్చేనాటికి ఇంగ్లండులో వృద్ధుల వార్డులు ఎలా ఉండేవో తెలిస్తేగాని ఆమె చేసిన పని విలువ అర్థం కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ దేశంలో దిక్కులేని పేదలను వర్క్‌హౌస్‌లనే శ్రమాలయాల్లో పెట్టేవారు. వాటికి అనుబంధంగా ఉన్న ఆసుపత్రుల్లో, ఇక నయం కాదని తేల్చిన ముసలివాళ్లు ఏళ్ల తరబడి మంచాల మీదే ఉండిపోయేవారు. 1935లో డాక్టర్ మార్జరీ వారెన్, లండన్ పడమటి వైపున ఉన్న వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో పనిచేస్తూ, పక్కనున్న అటువంటి పాత ఆసుపత్రికి చెందిన 714 మంచాల బాధ్యత తీసుకున్నారు. వారిలో చాలామందికి సరైన రోగనిర్ధారణే జరగలేదని, లేపి కూర్చోబెడితే కూర్చోగలిగినవారిని కూడా పడుకోబెట్టే ఉంచారని ఆమె చూపించారు. బ్రిటన్‌లో వృద్ధుల వైద్యం ఒక ప్రత్యేక శాఖగా నిలబడటానికి ఆమె పనే పునాది అయింది. 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పుడు ఆ పాత భవనాలు ప్రభుత్వ ఆసుపత్రులయ్యాయి కాని, వాటిలోని పొడవాటి హాళ్లూ, ఎత్తయిన ఇనుప మంచాలూ, అక్కడ పోస్టింగ్ పడటాన్ని శిక్షగా భావించే అలవాటూ అలాగే ఉండిపోయాయి.

డాక్టరుగా మార్జరీ వారెన్ అడిగిన ప్రశ్న, ఈ మనిషిని మంచం మీద ఎందుకు ఉంచారన్నది. నర్సుగా డోరీన్ నార్టన్ అడిగిన ప్రశ్న దానికి తరువాతది: మంచం మీద ఉండక తప్పనివారికి మనం రోజంతా చేస్తున్న పనుల్లో నిజంగా మేలు చేసేవి ఏవి? వృద్ధుల పట్ల ఆమెకున్న శ్రద్ధ ఈ పరిశోధనతో మొదలైంది కాదు. ఇంటి దగ్గర పెద్దవాళ్లను చూసుకొనేవారి కోసం 1957లోనే ఆమె ఒక చిన్న పుస్తకం రాశారు. కాని ఆమె పేరు నిలిచిపోయింది మాత్రం ఉత్తర లండన్‌లోని విటింగ్టన్ ఆసుపత్రిలో జరిగిన పరిశోధన వల్లనే. అదికూడా పాత పేదల ఆసుపత్రులను కలిపి ఏర్పరచినదే. అక్కడ వృద్ధుల వైద్యంలో పేరుపొందిన డాక్టర్ నార్మన్ ఎక్స్‌టన్-స్మిత్ వార్డుల్లో ఆమె పరిశోధన చేశారు. ఆ నివేదిక 1962లో వెలువడింది. దాని మీద ముగ్గురి పేర్లున్నాయి: మొదట నార్టన్, తరువాత మెక్లారెన్, చివర ఎక్స్‌టన్-స్మిత్. నర్సు పేరు ముందు, డాక్టరు పేరు చివర. ఆ కాలంలో ఇది ఎంత అరుదైన సంగతో మన వార్డుల్లో ఎవరి మాట ఎవరి తరువాత వినిపిస్తుందో గమనించే మీకు నేను చెప్పనవసరం లేదు.

ఆ రోజుల్లో మంచం పుండ్లు రాకుండా ఉండటానికి ఒక్కొక్క వార్డులో ఒక్కొక్క ఆచారం ఉండేది. ఒకచోట స్పిరిట్ పెట్టి రుద్దేవారు, ఒకచోట సబ్బు నీళ్లతో రుద్దేవారు, ఇంకొకచోట లేపనాలు పూసేవారు. పుండు పడిన తరువాత గుడ్డు తెల్లసొన రాసి ఆక్సిజన్ పట్టే పద్ధతి కూడా ఆ దేశపు వార్డుల్లో ఉండేది. ఏ సిస్టరును అడిగినా తన వార్డు పద్ధతే మంచిదని చెప్పేవారు. వీటిలో ఏది పనిచేస్తుందో పోల్చి చూడాలంటే ముందు ఒక చిక్కు విప్పాలి. లేచి నడిచే మనిషి వీపుకు రాసిన మందునూ, స్పృహ సరిగా లేక మూత్రంలో తడిసి పడుకున్న మనిషి వీపుకు రాసిన మందునూ పక్కపక్కన పెట్టి చూడటం న్యాయం కాదు. ఎవరికి ఎంత ముప్పు ఉందో ముందుగా కొలవాలి. ఆ కొలత కోసం పుట్టిందే నార్టన్ స్కేలు. మీరు ఫారంలో నింపే ఆ అయిదు గడులు మొదట మందులను న్యాయంగా పోల్చడానికి వేసుకున్న తూకపురాళ్లన్నమాట. ఈ ఒక్క సంగతి తెలిశాక నాకు ఆ స్కేలు మీద గౌరవం రెట్టింపైంది.

ఆ అయిదు అంశాలూ మీకు తెలిసినవే: శారీరక స్థితి, మానసిక స్థితి, నడవగలరా లేదా అన్నది, పడుకున్నచోట లేదా కూర్చున్నచోట తనంతట తాను కదలగలరా అన్నది, మలమూత్రాల మీద అదుపు. ఒక్కొక్కదానికి 1 నుంచి 4 వరకు మార్కులు. మొత్తం 5 నుంచి 20 వరకు. 14 గాని అంతకన్న తక్కువ గాని వస్తే ముప్పు ఉన్నట్టు. 250 మంది వృద్ధులను గమనించినప్పుడు దాదాపు నాలుగో వంతు మందికి పుండ్లు పడ్డాయి. స్కోరు తగ్గేకొద్దీ పుండ్లు పడినవారి నిష్పత్తి పెరిగింది. తేడా చూపింది పైన పూసిన మందు కాదు, ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం ఎంతసేపు నలిగిందన్నదే. రెండు మూడు గంటలకొకసారి పక్క మార్చడం, అది కూడా ఎవరికి ఎక్కువ అవసరమో వారికి తప్పకుండా మార్చడం, దీని చుట్టూనే తరువాతి కాలపు నర్సింగ్ అంతా నిలబడింది.

అదే కాలంలో ఎక్స్‌టన్-స్మిత్, షెర్విన్ అనే మరొకరితో కలిసి చేసిన చిన్న పరిశోధన ఒకటి 1961లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. దాన్ని నేను ప్రతి సంవత్సరం తరగతిలో చెప్పేదాన్ని. రాత్రిపూట వృద్ధ రోగులు తమంతట తాము ఎన్నిసార్లు కదులుతున్నారో వారు లెక్కపెట్టారు. రాత్రికి 51 సార్లు లేదా అంతకన్న ఎక్కువ కదిలినవారిలో ఒక్కరికీ పుండు పడలేదు. 20 సార్లు లేదా అంతకన్న తక్కువ కదిలినవారిలో పదిమందిలో తొమ్మిదిమందికి పడింది. ఆరోగ్యంగా ఉన్న మనం నిద్రలో తెలియకుండానే చేసే పనిని, అంటే రక్తం ఆగిన చోటికి మళ్లీ రక్తం చేరేలా ఒళ్లు కొద్దిగా జరుపుకోవడాన్ని, ఆ రోగి శరీరం చేయలేకపోతున్నది. రాత్రి డ్యూటీ నర్సు ఆ పనిని అతని బదులు చేయాలి. మీ ఇంట్లోవాళ్లు ‘అటూ ఇటూ తిప్పడం’ అన్నది ఇదే.

ఆధునిక నర్సింగ్‌కు పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లోనే, రోగికి మంచం పుండు పడితే అది సాధారణంగా రోగం తప్పు కాదు, నర్సింగ్ తప్పు అని రాశారు. పారిస్‌లో ప్రసిద్ధ నరాల వైద్యుడు షార్కో మాత్రం పక్షవాతం వచ్చినవారికి నరాల దెబ్బ వల్లనే పుండ్లు పడతాయని, అవి చావుకు సూచన అని భావించారు. ఈ రెండు మాటల మధ్య నలిగిపోయింది వార్డు నర్సు. మొదటి మాట ప్రకారం ప్రతి పుండూ ఆమె నేరం, రెండో మాట ప్రకారం ఎవరూ చేయగలిగింది లేదు. నార్టన్ చేసిన గొప్ప మేలు ఏమిటంటే ఈ విషయాన్ని నేరం నుంచీ, తలరాత నుంచీ తప్పించి లెక్కలోకి తెచ్చారు. ముప్పు ఎవరికి ఉందో ముందే తెలుస్తుంది, తెలిసిన తరువాత చేయవలసిన పని ఉంది, ఆ పనికి మనుషులూ సమయమూ కావాలని అధికారులను అడగడానికి చేతిలో అంకె ఉంది. ప్రేమ గల నర్సులు ఆమెకు ముందూ ఉన్నారు, తరువాతా ఉన్నారు. తన ప్రేమను ఇతర నర్సులు కూడా పాటించగలిగే పద్ధతిగా మార్చడం మాత్రం చాలా తక్కువమంది చేశారు.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన రెండో సంవత్సరంలో, తుంటి ఎముక విరిగి కాలికి ట్రాక్షన్ (బరువు కట్టి కాలిని లాగి ఉంచే ఏర్పాటు) వేసిన ఒక పెద్దాయన నా వార్డులో ఉండేవారు. వ్యవసాయం చేసిన మనిషి, ఏది అడిగినా ‘బాగానే ఉందమ్మా’ అనేవారు. నేను రోజుకు రెండు పూటలా ఎంతో శ్రద్ధగా ఆయన వీపుకు స్పిరిట్ రాసి, పౌడరు వేసి, దుప్పటి ముడతలు లేకుండా సర్ది, రిజిస్టరులో ‘బ్యాక్ కేర్ ఇవ్వబడింది’ అని రాసేదాన్ని. వీపు శుభ్రంగానే ఉంది. పదకొండో రోజున డ్యూటీ మారినప్పుడు మరొక సిస్టరు ట్రాక్షన్ కట్టిన కాలును ఎత్తి చూస్తే మడమ నల్లగా కమిలిపోయి ఉంది. ఆ కాలును పదకొండు రోజులుగా నేను ఒక్కసారి కూడా పరుపు మీద నుంచి ఎత్తి చూడలేదు, ఎందుకంటే నాకు నేర్పింది వీపు రుద్దడం, ఒత్తిడి ఎక్కడ పడుతున్నదో వెతకడం కాదు. ఆ మడమ మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అది నాకు మరింత కష్టమైంది. నార్టన్ నివేదిక గురించి వివరంగా చదివింది ఆ తరువాతనే. ఆమె సరిగ్గా నావంటి నర్సు కోసమే పనిచేశారని అప్పుడనిపించింది: శ్రద్ధ ఉంది, చాకిరీ ఉంది, చూడవలసిన చోట చూపు లేదు.

ఆమె తరువాతి జీవితం కూడా ఇదే దారిలో సాగింది. చాలాకాలం ఆసుపత్రిలో ఉండవలసిన రోగులకు వార్డులు ఎలా కట్టాలి, నర్సులు వాడే మంచాలూ పరికరాలూ ఎలా ఉండాలి అన్నవాటి మీద పరిశోధనలు చేసి రాశారు. రోగిని లేపేటప్పుడు నర్సు నడుము విరగకుండా ఉండాలంటే మంచం ఎత్తు మారాలి కదా, అటువంటి విషయాలను ఇంజనీర్లకూ, అధికారులకూ వదిలేయకుండా నర్సే మాట్లాడాలని ఆమె పట్టుబట్టారు. బ్రిటిష్ ప్రభుత్వం ఆమెకు ఓబీఈ గౌరవం ఇచ్చింది, రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ ఫెలోషిప్ ఇచ్చింది. తరువాత అమెరికాలో క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం వృద్ధుల నర్సింగ్‌కు ప్రత్యేకంగా ఏర్పరచిన ఆచార్య పీఠానికి ఆమెను పిలిచింది. నాలుగేళ్ల చదువెందుకని అడిగినవారికి మీరు ఈ సంగతి చెప్పవచ్చు. మంచాన పడ్డ ముసలివాళ్లను ఎప్పుడు, ఎవరిని, ఎలా తిప్పాలన్న ప్రశ్న ఒక నర్సును విశ్వవిద్యాలయ ఆచార్యురాలిని చేసింది. ఇంట్లోవాళ్లు చెడు ఉద్దేశంతో అన్నారని నేను అనుకోను. మన ఇళ్లలో ఈ పని తరతరాలుగా కోడళ్లూ, కూతుళ్లూ మాట్లాడకుండా చేసుకుంటూ వచ్చారు కాబట్టి, అందులో తెలివి ఉందని ఎవరూ గమనించలేదు.

స్కేలు విషయంలో మీరు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. 14 అన్న గీత దేవుడు గీసింది కాదు. 1980లలో నార్టన్ తానే దాన్ని 16 దగ్గరికి జరపాలని సూచించారు. తన పేరుతో ప్రపంచమంతా వాడుతున్న అంకెను తానే సవరించడానికి ఎంత నిజాయితీ కావాలో ఆలోచించండి. పోషణకు ఈ స్కేలులో విడిగా స్థానం లేకపోవడం దాని లోపమని చాలామంది చెప్పారు. 1985లో జూడీ వాటర్లో, 1987లో బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ తయారుచేసిన స్కేళ్లు మరికొన్ని అంశాలను చేర్చాయి. మీ ఆసుపత్రిలో బ్రేడెన్ వాడితే దాన్నే వాడండి, రెండింటిలోనూ స్కోరు తగ్గేకొద్దీ ముప్పు పెరుగుతుంది. వాటర్లోలో మాత్రం అది తలకిందులు, మార్కులు పెరిగితే ముప్పు. పరీక్షలో ఇక్కడే చాలామంది పొరపడతారు. ఇంతకన్న ముఖ్యమైనది మరొకటి. స్కేలు నింపినంత మాత్రాన పుండ్లు తగ్గుతాయని తరువాతి పరిశోధనలు నిరూపించలేకపోయాయి. దానివల్ల నార్టన్ పని చిన్నదైపోదు. అడ్మిషన్ రోజున ఒకసారి మార్కులు వేసి ఫైలులో పెట్టి, డిశ్చార్జి దాకా మళ్లీ చూడని వార్డులను నేను చాలా చూశాను. రోగి పరిస్థితి మారినప్పుడల్లా మళ్లీ కొలవకపోతే, కొలిచాక మంచం దగ్గరికి వెళ్లకపోతే, ఆ కాగితం ఎవరినీ కాపాడదు.

ఇక మీ పెద్దావిడ సంగతి. మీరు వేసిన మార్కులు ఇలా ఉన్నాయి: శారీరక స్థితి 3, మానసిక స్థితి 3, కుర్చీకే పరిమితం కనుక 2, కదలిక చాలా తక్కువ కనుక 2, ఎక్కువగా మూత్రం మీద అదుపు లేదు కనుక 2. మొత్తం 12. సరిగానే వేశారు. అయితే ఆమెను పగలంతా కుర్చీలో కూర్చోబెడుతున్నారని రాశారు, మంచం మీద లేదు కాబట్టి ముప్పు తగ్గిందని మీ వార్డులో అనుకుంటున్నట్టున్నారు. కూర్చున్నప్పుడు శరీర బరువంతా పిరుదుల ఎముకల మీద పడుతుంది, పడుకున్నప్పటికన్న ఒత్తిడి ఎక్కువ. కుర్చీలో ఉన్నంతసేపూ కనీసం గంటకొకసారి బరువు మార్చాలి, ఒకేసారి గంటల తరబడి కూర్చోబెట్టకూడదు.

చర్మం చూడటం పుస్తకంలో ఉన్నంత తేలిక కాదు. ఎర్రబడిన చోట వేలితో నొక్కి తెల్లబడుతుందా లేదా చూడమని రాసి ఉంటుంది. అది తెల్లని చర్మాన్ని చూసి రాసిన మాట. మన రోగుల చామనఛాయ, నల్లని చర్మం మీద ఆ ఎరుపు చాలాసార్లు కనిపించదు. పక్కనున్న చర్మంకన్న ఆ చోటు ముదురు రంగులోకి మారిందా, వేడిగా గాని చల్లగా గాని ఉందా, గట్టిపడిందా లేక మెత్తబడిందా, తాకితే ఆమె ముఖం ముడుచుకుంటున్నదా అన్నవి చేతి వెనుక భాగంతో తాకి, మంచి వెలుతురులో చూడండి. పక్షవాతం వచ్చిన వైపు ఆమెకు నొప్పి తెలియకపోవచ్చు, అడిగితే బాగానే ఉందంటుంది. ఆ వైపునే ముందు చూడండి.

స్పిరిట్ రాయవద్దు, అది చర్మాన్ని ఎండబెడుతుంది. కమిలిన చోట, ఎముకల మీద రుద్దవద్దు. రబ్బరు రింగు మీద కూర్చోబెట్టమని ఎవరైనా అంటే, రింగు అంచు చుట్టూ రక్తాన్ని ఆపుతుందని వినయంగా చెప్పండి. ఎయిర్ బెడ్ ఉంటే మంచిదే కాని అది ఉంది కదా అని పక్క మార్చడం మానకూడదు. పూర్తిగా పక్కకు తిప్పితే తుంటి ఎముక మీద బరువు పడుతుంది కాబట్టి, వీపు వెనుక దిండు పెట్టి ముప్పై డిగ్రీలు వాలేలా ఉంచండి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా తేలేలా చూడండి. పైకి జరిపేటప్పుడు ఈడ్చకుండా, డ్రా షీటు (నడుము కింద అడ్డంగా పరిచే దుప్పటి) పట్టుకొని ఇద్దరు కలిసి ఎత్తి జరపండి. మూత్రం పోసిన ప్రతిసారీ శుభ్రం చేసి పొడిగా తుడిచి, తేమ నుంచి కాపాడే క్రీము పలుచగా రాయండి. మింగడంలో ఇబ్బంది లేదని డాక్టరు నిర్ధారిస్తే, గుడ్డు, పప్పు, పెరుగు వంటివి ఆమె ఎంత తింటున్నదో చూసి రాసి ఉంచండి, స్కేలులో ఆ గడి లేకపోయినా.

మీ డ్యూటీ రాత్రి ఎనిమిదింటికి అయిపోతుందని రాశారు. వెళ్లేముందు రాత్రి సిస్టరుకు ‘స్కోరు 12’ అని మాత్రమే చెప్పి వెళ్లవద్దమ్మా. ఎన్ని గంటలకు ఏ పక్కకు మార్చారో, మళ్లీ ఎన్ని గంటలకు మార్చాలో, పక్షవాతం వచ్చిన వైపు మడమ ఎలా ఉందో చెప్పి, వీలైతే ఆ సిస్టరును మంచం దగ్గరికి తీసుకువెళ్లి ఆ మడమను ఇద్దరూ కలిసి చూడండి.